జొటెరోలో పాత తెలుగు పుస్తకాలు: ఏ వివరం దాచుకోవాలి?

ఏళ్ల తరబడి నా పుస్తకాల వివరాలన్నీ జొటెరోలోనే పెట్టుకుంటున్నాను. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. తెలుగు లిపితో ఏ ఇబ్బందీ లేదు. కొత్త పుస్తకమైతే దాని మీదుండే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్, కొట్టగానే చాలాసార్లు వివరాలు వాటంతటవే వచ్చేస్తాయి. పాతవాటికి ఆ నంబరే ఉండదు, మనమే టైపు చేయాలి. ఏది రాయాలి, ఏది వదిలేయాలి అన్నది అప్పుడే తేల్చుకోవాలి.

రచయిత పేరుకు రెండు గడులుంటాయి. బయటినుంచి దించుకున్న వివరాల్లో గురజాడ అప్పారావుగారి ఇంటిపేరు 'అప్పారావు' అయి కూర్చునే అవకాశం ఎక్కువ, కాబట్టి ప్రతిదీ సరిచూడాలి. శ్రీశ్రీ లాంటి కలంపేరుకు రెండు గడులనూ ఒకటి చేసుకోవచ్చు. చాలా మంచి ఏర్పాటు.

అసలు చిక్కు తేదీతోనే. కొన్ని పుస్తకాల మీద 'రక్తాక్షి' అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అది 1924-25 కావచ్చు, 1984-85 కావచ్చు. నేను తేల్చుకున్న సంవత్సరం తేదీ గడిలో రాస్తాను, పుస్తకం మీది మాటను ఉన్నదున్నట్టు, వేరే గడి లేని వివరాల కోసం ఉండే 'ఎక్స్‌ట్రా' గడిలో ఉంచుతాను. నా లెక్క తప్పనుకున్నవాళ్లకు ఆధారం మిగలాలి కదా.

తేదీయే లేని మలిముద్రణలకు వెల ఎంతో సాయం చేస్తుంది. అణాల్లో ఉంటే మామూలుగా 1957కు ముందుది. నయాపైసలని ఉంటే ఆ తర్వాతది, 1964లో 'నయా' మాట తీసేసేలోపుది. అందుకే వెల తప్పకుండా రాస్తాను. ముద్రణాలయం పేరు, ఏ గ్రంథాలయంలో చూశాను, ఏ పేజీలు చిరిగాయి, ఇవీ అంతే. నా చేతిలో ఉన్న ప్రతి తప్ప ఈ సంగతులు ఇంకెవరూ చెప్పలేరు. సారాంశాలు, వాటంతటవే వచ్చే ట్యాగులు మాత్రం ఉంచను. ట్యాగులు రాకుండా సెట్టింగుల్లోనే ఆపేయొచ్చు.

పెద్ద లోటు ఒక్కటే: సొంత గడులు చేర్చుకోలేం. వెల, ముద్రణాలయం అన్నీ ఎక్స్‌ట్రాలోకే పోతాయి, వెలను బట్టి వరస పెట్టడం కుదరదు. ఒక్కో వివరానికి ఒక్కో పంక్తి, ముందు ఎప్పుడూ ఒకే మాట ('వెల:', 'ముద్రణాలయం:') అని నియమం పెట్టుకుంటే వెతకడం సులువు. ఫైళ్లు దాచుకోవడానికి జొటెరో ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ ఆన్‌లైన్ చోటు పుస్తకాల స్కాన్లకు ఏ మూలకూ చాలదు, ముఖపత్రం ఫొటో ఒక్కటి జతచేస్తే మేలు. వివరాలకు మాత్రం ఆ హద్దు లేదు. పైగా ఎక్స్‌ట్రాతో సహా అన్నిటినీ సీఎస్‌వీగా, అంటే మామూలు పట్టిక ఫైలుగా, బయటికి తీసుకోవచ్చు కాబట్టి, రేపు ఇంకో చోటికి మారినా ఈ చాకిరీ వృథా పోదు.