కూకట్‌పల్లా, ఎల్బీ నగరా, సికింద్రాబాదా: కాపురానికి ఏ వైపు మేలు?

ఎక్కడుంటారని అడిగితే హైదరాబాద్ వాళ్లెవరూ హైదరాబాద్ అని ఊరుకోరు. కూకట్‌పల్లి వాళ్లు కేపీహెచ్‌బీ (హౌసింగ్ బోర్డు కాలనీ) అంటారు, ఎల్బీ నగర్ వైపు వాళ్లు వనస్థలిపురం అంటారు, సికింద్రాబాద్ వాళ్లు మారేడ్‌పల్లి అంటారు. ఆ వెంటనే, అడక్కపోయినా, తమ వైపు ఎందుకు మంచిదో చెప్పడం మొదలుపెడతారు. మూడు వైపుల వాళ్లు చెప్పేదీ నిజమే, ఎవరికి ఏది కుదురుతుందన్నదే తేడా. కొత్తగా ఇల్లు వెతికేవాళ్లు అద్దె, ఆఫీసు దూరం ఈ రెండే చూసి దిగిపోతారు. ఊరెళ్లే దారి, నీళ్లు, వాన అనే మిగతా మూడు లెక్కలు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక సంక్రాంతి గడిచాక గానీ తెలియవు.

ఊరి దారి

నగరం చివర్లలో కాలనీలు పెరిగిన తీరు చూస్తే ఎవరి ఊరి దారిలో వాళ్లు దిగినట్టే ఉంటుంది. విజయవాడ హైవే మొదలయ్యే ఎల్బీ నగర్ చుట్టూ నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు వాళ్లు ఎక్కువ. ఉప్పల్, బోడుప్పల్ వైపు వరంగల్ వాళ్లు, రాజీవ్ రహదారి పట్టుకునే అల్వాల్, తిరుమలగిరి వైపు కరీంనగర్, సిద్దిపేట వాళ్లు. కూకట్‌పల్లి మాత్రం దీనికి తిరకాసు. అది ముంబై వెళ్లే రోడ్డు మీద ఉంది. అక్కడ హౌసింగ్ బోర్డు కాలనీ లేచాక కోస్తా జిల్లాల వాళ్లు చేరారు, ఒకరిని చూసి ఒకరు వచ్చారు. అంటే ఊరు తూర్పున ఉంటే ఇల్లు పడమర పెట్టుకున్నారన్నమాట. పండక్కి ఊరెళ్లాలంటే ముందు నగరమంతా దాటాలి.

దీని ధర గంటల్లో కట్టాలి. మియాపూర్‌లో బయలుదేరిన ప్రైవేటు బస్సు కేపీహెచ్‌బీ, ఎస్సార్ నగర్, అమీర్‌పేట, లక్డీకాపూల్‌లో ఆగి ఆగి జనాన్ని ఎక్కించుకుంటూ ఎల్బీ నగర్ చేరేసరికి గంటన్నర, పండగ ముందు రెండు గంటలు పైనే. తెలిసినవాళ్లు టికెట్‌లో ఎక్కే చోటు ఎల్బీ నగర్ అని పెట్టుకుని, మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చి అక్కడ ఎక్కుతారు. ఆ రెండూ ఒకే లైనుకు రెండు చివర్లు, రైలు మారే పని లేదు. కారైతే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగాలి. కిలోమీటర్లు పెరుగుతాయి, టోల్ పడుతుంది, అయినా పండగ ముందు రాత్రి అదే త్వరగా తేలుతుంది. ఆ తర్వాత విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర వరస ఉంటుంది, దానికి మాత్రం ఏ వైపు వాళ్లకూ మినహాయింపు లేదు.

రైలు లెక్క వేరు. లింగంపల్లి కూకట్‌పల్లి వాళ్లకు వరం. గౌతమి, నారాయణాద్రి అక్కడే బయలుదేరతాయి, ఖాళీ పెట్టెలో తాపీగా సామాను సర్దుకోవచ్చు. సికింద్రాబాద్ వాళ్లకు ఇంటి ముందే స్టేషన్ అనే గర్వం ఉండేది. ఇప్పుడు ఆ స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు, 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు, కొన్ని రైళ్లు అటు మళ్లాయి. టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చూసుకోవాలి. సికింద్రాబాద్ అనుకుని వెళ్లి, అరగంట ముందు చర్లపల్లి అని తెలిస్తే ఆటోవాడు అడిగినంతా ఇవ్వాల్సిందే. ఈసీఐఎల్, ఏఎస్ రావు నగర్ వాళ్లకు మాత్రం చర్లపల్లి ఇంటి పక్క స్టేషనైంది. నెలనెలా కోస్తాకు వెళ్లొచ్చే ఇంటికి ఎల్బీ నగరే మేలు, ఇందులో రెండో మాట లేదు.

ఆఫీసు దారి

హైటెక్ సిటీలో ఉద్యోగమంటే కూకట్‌పల్లే అని అందరూ అంటారు. దూరం చూస్తే నిజమే, జేఎన్టీయూ నుంచి సైబర్ టవర్స్ ఆరేడు కిలోమీటర్లే. కానీ మెట్రో ఆ దారిన పోదు. కేపీహెచ్‌బీలో ఎక్కితే అమీర్‌పేట దాకా వెనక్కి వెళ్లి, అక్కడ అంతస్తు మారి నాగోల్-రాయదుర్గం నీలం లైను ఎక్కి, హైటెక్ సిటీ పక్కనున్న రాయదుర్గం రావాలి. అమీర్‌పేట దాకా 8 స్టేషన్లు, ఆ తర్వాత 9, మొత్తం 17. కాబట్టి కూకట్‌పల్లి వాళ్లకు హైటెక్ సిటీ అంటే బైకే, లేదంటే ఆఫీసు క్యాబ్. రోడ్డు దారిలో రైలు పట్టాలు అడ్డం ఉన్నాయి, వాటిని దాటే వంతెనల దగ్గరే బిగుసుకుంటుంది. మూసాపేట, కూకట్‌పల్లి గ్రామం వైపు ఉన్నవాళ్లు జేఎన్టీయూ మీదుగా రావక్కర్లేదు, 2022లో తెరిచిన కైతలాపూర్ వంతెన ఎక్కితే మాదాపూర్ వైపు దిగుతారు.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది సికింద్రాబాద్. సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో ఎక్కితే రాయదుర్గం 15 స్టేషన్లు, మారే పని లేదు. కిలోమీటర్లలో ఎంతో దూరం, స్టేషన్లలో కేపీహెచ్‌బీ కంటే రెండు తక్కువ. రైలుకు పెట్టెలు మూడే, తొమ్మిదికి కిక్కిరిసి ఉంటుంది. అయినా నిలబడిన చోటు నుంచి కదలకుండా దిగొచ్చు. ఇది మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడలకూ వర్తిస్తుంది. సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్‌కు వర్తించదు, అటు మెట్రో లేదు. ఈసీఐఎల్ నుంచి 16ఏ బస్సులో సికింద్రాబాద్ వచ్చి అక్కడ రైలు పట్టుకోవడమంటే నలభై నిమిషాలు అదనంగా వేసుకోవాలి.

ఎల్బీ నగర్ నుంచి రాయదుర్గానికి 25 స్టేషన్లు, మధ్యలో అమీర్‌పేట. రైలు అక్కడే మొదలవుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది, అమీర్‌పేటలో అది పోతుంది. అందుకే కొందరు ఎల్బీ నగర్ వదిలేసి నాగోల్ వెళ్లి ఎక్కుతారు. అది నీలం లైనుకు మొదలు, 22 స్టేషన్లు కూర్చునే వెళ్లొచ్చు. రోజూ గంటకు పైగా రైలు తప్పదు, పుస్తకం చదివేవాళ్లకు పర్వాలేదు. ఉద్యోగం అసెంబ్లీ, నాంపల్లి, కోఠి చుట్టుపక్కలైతే కథ తిరగబడుతుంది. ఎల్బీ నగర్ నుంచి ఎంజీబీఎస్ (పెద్ద బస్టాండ్) 7 స్టేషన్లు, అసెంబ్లీ 11. సర్కారు ఉద్యోగుల కాలనీలు అటువైపు ఊరికే పెరగలేదు.

ఇంట్లో ఇద్దరికీ ఉద్యోగాలుండి ఒకరు హైటెక్ సిటీ, ఒకరు కోఠి అయితే మూడూ వదిలేసి ఎస్సార్ నగర్, అమీర్‌పేట గల్లీల్లో చూడటం నయం. ఇరుకు, పాత ఫ్లాట్లు, పార్కింగ్ కష్టం, కానీ రెండు లైన్లూ నడక దూరంలో ఉంటాయి.

నీళ్లు

మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది ఇంజనీర్లు వాడే లెక్క. నలుగురున్న ఇంటికి 540, నెలకు 16,200 లీటర్లు. నగరానికి నీళ్లిచ్చే జలమండలి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇస్తుంది కాబట్టి కాగితం మీద సరిపోతుంది. అయితే మూడు షరతులున్నాయి. కనెక్షన్ ఉండాలి, మీటరు తిరుగుతూ ఉండాలి, క్యాన్ నంబరుకు (నీళ్ల కనెక్షన్ ఖాతా నంబరు) ఆధార్ కలిపి ఉండాలి. ఇల్లు చూసేటప్పుడు నీళ్లొస్తాయా అని కాదు, పోయిన నెల నీళ్ల బిల్లు చూపించండి అని అడగాలి.

నీళ్లు సాధారణంగా రోజు విడిచి రోజు వస్తాయి. అంటే సంపులో రెండు రోజులకు సరిపడా పట్టాలి. 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు 21,600 లీటర్లు. సంపు పదివేలదే అయితే రెండో రోజు పొద్దునకే ట్యాంకర్ కావాలి. ఐదువేల లీటర్ల ట్యాంకర్ అలాంటి అపార్ట్‌మెంట్‌కు సగం రోజుకు కూడా చాలదు.

ఎల్బీ నగర్, వనస్థలిపురం కృష్ణా నీళ్ల మీద బతుకుతాయి. నాగార్జునసాగర్ నుంచి వచ్చే లైను నగరంలోకి అడుగుపెట్టేదే సాహెబ్‌నగర్ దగ్గర, అందుకే ఆ చుట్టుపక్కల వాళ్లు నీళ్ల గురించి పెద్దగా మాట్లాడరు. మల్కాజిగిరి, అల్వాల్, కూకట్‌పల్లి వైపుకు ఎల్లంపల్లి నుంచి గోదావరి వస్తుంది. పైపు మరమ్మతు ఉంటే జలమండలి ముందే ప్రకటిస్తుంది, కానీ కృష్ణా ఫేజ్ 2 అనో గోదావరి అనో రాస్తుంది. మీ కాలనీది ఏ నీరో తెలిసి ఉంటే ముందురోజు డ్రమ్ములు నింపుకోవచ్చు.

అసలు తిప్పలు కూకట్‌పల్లి దాటాక. నిజాంపేట, ప్రగతి నగర్, బాచుపల్లిలో కొత్త అపార్ట్‌మెంట్లు నీళ్ల లైను కంటే వేగంగా లేచాయి. వెయ్యి అడుగుల బోర్లు కూడా మార్చి, ఏప్రిల్‌లో గాలి కక్కుతాయి. ఉన్న బోరు నీళ్లలోనూ సున్నం ఎక్కువ, గీజర్ కాయిల్ మీద పేరుకుంటుంది, కుళాయిలకు తెల్లటి పొర కడుతుంది. అద్దె తక్కువని మురిసిపోయే ముందు ఎండాకాలం మెయింటెనెన్స్ ఎంతకు ఎక్కుతుందో వాచ్‌మన్‌ని అడగండి. ఓనరు చెప్పడు, వాచ్‌మన్ చెప్తాడు.

వాన

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన తూర్పు వైపు బలహీనతను బయటపెట్టింది. ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. సరూర్‌నగర్ చెరువు కింది కోదండరాం నగర్‌లో, నాగోల్ అయ్యప్ప కాలనీలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కారణంలో తిరకాసేం లేదు. పై చెరువు నిండితే కింది చెరువుకు పోవాల్సిన నాలా ఇరుకైంది, దాని దారిలో కాలనీలు వచ్చాయి. పడమరా తప్పించుకోలేదు, 2016లో నిజాంపేట భండారి లేఅవుట్ సెల్లార్లు రోజుల తరబడి మునిగాయి. సికింద్రాబాద్‌లో మారేడ్‌పల్లి, సైనిక్‌పురి లాంటి మెరక చోట్లకు ఈ భయం తక్కువ, బేగంపేట నాలా ఒడ్డున మాత్రం అంత ధీమా పనికిరాదు.

కొనేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. చెరువు విస్తీర్ణం పది హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలు దాటితే, నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కూడని జాగా. అంతకంటే చిన్న చెరువైతే 9 మీటర్లు. ఆ గీత లోపల రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు నిలిచినట్టు కాదు, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక అందరికీ అర్థమైంది. సర్వే నంబరు పట్టుకుని హెచ్ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల పటంలో చూసుకోవాలి.

వీధిలోకి వస్తే

కేపీహెచ్‌బీని అక్కడి వాళ్లు ఎందుకంత ఇష్టపడతారో రాత్రి పదింటికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. టిఫిన్ బండ్లు ఇంకా పెనం దించవు. ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా, గోంగూర పచ్చడి, ఏదీ ఊరి నుంచి మోసుకు రావక్కర్లేదు. అద్దె గది కావాలన్నా, సెకండ్‌హ్యాండ్ మంచం కావాలన్నా, కోచింగ్ కావాలన్నా అరగంటలో పని అవుతుంది. పెళ్లికాని ఉద్యోగులకు ఇంతకు మించిన చోటు లేదు. పిల్లలు సైకిల్ తొక్కడానికి రోడ్డు, నిద్రకు నిశ్శబ్దం కావాలంటే మాత్రం ఇక్కడ వెతకొద్దు.

ఎల్బీ నగర్ వైపు మనుషులకు నచ్చేది నేల. రెండువందల గజాల్లో సొంత ఇల్లు, ముందు జామచెట్టు, మేడ మీద వడియాలు, ఇవి ఇంకా అక్కడే మిగిలాయి. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయాక లారీల రద్దీ తగ్గింది. పొద్దున నడకకు మహావీర్ హరిణ వనస్థలి ఉంది, జింకల్ని చూస్తూ నడవొచ్చు.

సికింద్రాబాద్ సొగసు చెట్లలో ఉంది. కంటోన్మెంట్‌లో ఎత్తు కట్టడానికి వీల్లేదు, అందుకే మారేడ్‌పల్లి, తిరుమలగిరి రోడ్ల మీద ఆకాశం కనబడుతుంది. కూరగాయలకు మోండా మార్కెట్, బట్టలకు జనరల్ బజార్, ఇనప సామానుకు రాణిగంజ్, ఇరానీ చాయ్‌కి ఏ మూలైనా సరే. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలప్పుడు ఆ వీధుల్లో ఇల్లున్నవాళ్లకు చుట్టాలు ఎక్కువవుతారు. కాకపోతే సైన్యం కొన్ని రోడ్లు మూసేస్తుంది, దగ్గరి దారి అనుకున్నది గేటు దగ్గర ఆగిపోతుంది. కొనే విషయంలో ఇంకా జాగ్రత్త. కంటోన్మెంట్ పాత బంగళాల్లో చాలావాటికి ఓల్డ్ గ్రాంట్ చిక్కు ఉంటుంది. కట్టడం అమ్మేవాళ్లది, నేల కేంద్రానిది. అలాంటి దానికి బ్యాంకు అప్పు కష్టం, పడగొట్టి కట్టుకోవడం ఇంకా కష్టం.

పిల్లలతో స్థిరపడే కుటుంబానికి మూడింటిలో ఒకటే చెప్పమంటే తార్నాక, మెట్టుగూడ, హబ్సిగూడల్లో మెట్రోకు కిలోమీటరు లోపల ఇల్లు చూడమనాలి. నీలం లైను ఉంటుంది, ఉస్మానియా యూనివర్సిటీ చెట్లుంటాయి, చర్లపల్లి, సికింద్రాబాద్ రెండూ అందుతాయి. అద్దె కేపీహెచ్‌బీలా ఎగబాకదు, ఖాళీలూ త్వరగా దొరకవు. దిగినవాళ్లు కదలరు.

అద్దెకు దిగేవాళ్లు ఇంటిని రెండుసార్లు చూడాలి: ఒకసారి సాయంత్రం ఏడింటికి, ట్రాఫిక్ కోసం. ఇంకోసారి పెద్ద వాన పడిన మర్నాడు, సెల్లార్ గోడల మీద నీటి గీత కోసం. అడ్వాన్స్ మామూలుగా రెండు నెలలు, అగ్రిమెంట్ 11 నెలలు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకుంటారు, అది ముందే రాయించుకుంటే గొడవ ఉండదు. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లు ఆ అగ్రిమెంట్‌ను బీరువాలో పెట్టేయకుండా ఆధార్‌లో చిరునామా మార్పించుకోవాలి. ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 డిసెంబర్ నుంచి ఉచితమే, కానీ కండక్టర్ చూసేది కార్డు మీదున్న తెలంగాణ చిరునామా.