డప్పు కాచే మనిషి ఉన్న మేళం

కనుమ రోజు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి (జాతరకి) మా ఊరి ప్రభతో, అంటే దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసుకెళ్ళే ఎత్తైన వెదురు కట్టడంతో, నడవడానికి ఈసారి ముమ్మిడివరం వైపు నుంచి ఎనిమిది మంది డప్పుల వాళ్ళను పిలిచాం. 14,000 రూపాయలు అడిగారు, బేరమాడకుండా ఇచ్చాం.

అందరూ ముందు వరసలో చిందేసే కుర్రాళ్ళనే ఫోన్లలో తీశారు. నా కళ్ళు మాత్రం వెనకాల ఉన్న పెద్దాయన మీదే. ఆయన వాయించింది తక్కువ. తెల్లవారుజామున కాలవ గట్టు మీద మంచుకి తోలు మెత్తబడి డప్పు మోత చచ్చిపోతుంటే, గుప్పెడు వరిగడ్డి వెలిగించి, మంటకి జానెడు ఎత్తున డప్పును తిప్పుతూ, మధ్యమధ్యలో వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. ఖంగుమనగానే అందించి ఇంకోటి తీసుకునేవారు. కాస్త ఎక్కువ కాగితే తోలు చిట్లిపోతుందట.

ఇక డోలు అబ్బాయి. ప్రభ చేలల్లోకి దిగినప్పుడు మోసేవాళ్ళ అడుగు కలిసింది అతని దెబ్బకే. "అశ్శరభ శరభ" కేకల్లో డప్పులు ఎంత జోరందుకున్నా అతను వేగం పెంచలేదు.

ఒక్కటే లోటు: గంట ఆలస్యంగా వచ్చారు, బాగా టెన్షన్ పడ్డాం. అయినా వచ్చే ఏడాదికి అడ్వాన్సు ఇచ్చేశాం. మీరు పిలిస్తే గడ్డిమోపు సిద్ధంగా ఉంచండి, ఆ పెద్దాయన వస్తున్నారో లేదో ముందే అడగండి.