వంకర పాదం: పిండికట్టా, ఆపరేషనా?

పాదం లోపలికి తిరిగి పుట్టిన బిడ్డను చూసి పర్లాకిమిడి వైపు మనవాళ్లు ముందు అడిగేది, “ఆపరేషన్ చేయిస్తే ఒక్కసారితో అయిపోదా?” అని. అంత తేలిక కాదు. కీళ్లు తెరిచి చేసే పెద్ద ఆపరేషన్‌తో పాదం తిన్నగా వచ్చినా, పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పి పెట్టవచ్చు.

పిండికట్లతోనే పాదాన్ని సరిచేసే పొన్సెటి పద్ధతిలో వారం వారం పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పి, తొడ దాకా పిండికట్టు వేస్తారు. మామూలుగా 5 నుంచి 7 కట్లు. చాలామందికి మడమ వెనక స్నాయువును చిన్న గాటుతో కోసి, చివరి కట్టు 3 వారాలు ఉంచుతారు. అసలు టెన్షన్ ఆ తర్వాతే. కడ్డీ బూట్లు (రెండు బూట్లనూ ఒక కడ్డీతో కలిపినవి) 3 నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు తొడగాలి. ఏడుస్తోందని అమ్మమ్మ జాలిపడి విప్పేసిందా, పాదం మళ్లీ వంకర తిరగొచ్చు!

బరంపురం ఆసుపత్రికి బస్సు చార్జీలు, పోయిన కూలి లెక్కేసినా నా ఓటు కట్టుకే. పెద్ద ఆపరేషన్ కట్లకు లొంగని పాదాలకు.