నల్ల గొర్రెనా, జోడిపినా? మేపించుకునేవాళ్లకు ఏది మేలు?

రాయదుర్గం వైపు మెట్టల్లో నేను మేపే మందలో సగం జీవాలు నావి కావు. అనంతపురంలో, బళ్ళారిలో ఉండే కుటుంబాలవి. మూడు నాలుగు నెలల పిల్లను వాళ్లు కొంటారు, మేపుకూలి నెలనెలా పంపుతారు, పండగకో పెళ్లికో పొట్టేలును తీసుకుపోతారు. పాలుకివ్వడం మా తాతల నాటి నుంచీ ఉంది. అప్పుడు ఆడగొర్రెను ఇచ్చి, పుట్టిన పిల్లల్ని చెరిసగం పంచుకునేవాళ్లు. ఇప్పుడు వచ్చేవాళ్లకు కావలసింది వేరు. తాము తినే మాంసం ఎక్కడ మేసిందో, ఏ మందు తాగిందో తెలియాలి. అందరూ మొదట అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, నల్లది తీసుకోవాల్నా, జోడిపి తీసుకోవాల్నా?"

జోడిపి నెల్లూరు గొర్రె. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ, మూతి మీద నల్ల మచ్చలు. నెల్లూరు గొర్రెల్లోనే ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, ఎర్రగా ఉంటే దొర అంటారు. మన దేశంలో ఇంత ఎత్తు పెరిగే గొర్రె ఇంకొకటి లేదు. మేత బాగుంటే ఏడాది వయసుకు 30 కిలోలు తూగుతుంది, అందులో 14 కిలోల దాకా మాంసం వస్తుంది. సంతలో నిలబెడితే చూపంతా దాని మీదే. అదే వయసు నల్ల పొట్టేలు నా మందలో నాలుగైదు కిలోలు తక్కువే తూగుతుంది. కిలోల లెక్క చూసుకునేవాళ్లు జోడిపి తీసుకోవడమే న్యాయం. వాళ్లకు నేను అదే చెబుతాను.

నల్ల గొర్రె ఉన్ని గొర్రె. పుస్తకాల్లో దక్కని అనీ బళ్ళారి అనీ వేరువేరు పేర్లు ఉన్నా, మా వైపు అందరికీ అది నల్ల గొర్రే. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించి, ఆ ఉన్నితో కంబళ్లు నేసేవాళ్లు. కంబళ్లకు గిరాకీ పోయాక ఉన్ని ధర పడిపోయింది. ఒకప్పుడు ఉన్ని కోసం మనకే డబ్బులిచ్చేవాళ్లు, ఇప్పుడు కత్తిరించడానికి మనమే కూలి ఇస్తున్నాం. అలాంటప్పుడు కాపరి ఏం చేస్తాడు? మందలోకి జోడిపి విత్తు పొట్టేలును వదిలాడు. రెండు మూడు ఈతలకే మందలు మారిపోయాయి. అసలు నల్ల గొర్రె ఇప్పుడు వెతికితే గానీ దొరకడం లేదు. నాకు ఇది మనసుకు కష్టంగా ఉంటుంది, దాచుకోను.

ఎందుకంటే ఈ నేలకు సరిపోయిన జీవం అది. ఇక్కడ వాన తక్కువ, కంప ఎక్కువ. ఎండాకాలంలో పచ్చిక కోసం రోజుల తరబడి నడవాలి. కొందరైతే వరి కోతలయ్యాక కర్నూలు-కడప (కేసీ) కాలువ ఆయకట్టు దాకా తోలుకుపోతారు. ఆ నడకకు నల్ల గొర్రె కాళ్లు తట్టుకుంటాయి. ముసురు పట్టిన రాత్రి బయట మంద కట్టినా ఉన్ని దాన్ని కాపాడుతుంది. జోడిపికి ఆ దుప్పటి లేదు. తడిస్తే దగ్గు, జ్వరం అంటూ నాకు టెన్షన్ మొదలవుతుంది. ఉలవ పొట్టు, శనగ కట్టె అదనంగా పెడితేనే జోడిపి అంత బరువు పెరుగుతుంది. ఆ ఖర్చు మేపుకూలిలో కనిపిస్తుంది. ఉన్నట్టుండి జీవాన్ని చంపే చిటుక రోగానికి టీకా, కడుపులో పురుగులకు తాగించే నట్టల మందు మాత్రం రెండింటికీ ఒకటే. ఏ తేదీన వేశానో నోటుబుక్కులో రాసి ఫొటో పంపుతాను.

షెడ్డులో చెక్కల మీద పెంచినవి మేలు కాదా అని కూడా అడుగుతుంటారు. త్వరగా బరువొస్తుంది, లెక్క సులభం. కానీ కొండ మీద మేసిన పొట్టేలు కావాలని వచ్చేవాళ్లకు దాని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు.

ఏ జాతి తీసుకున్నా, మీ పొట్టేలు మీదేనని తెలిసేది చెవిపోగు మీది పన్నెండు అంకెలతోనే. మొన్నటి చలికాలంలో రెండు జోడిపి పిల్లల చెవిపోగులు తుమ్మకంపకు తగిలి ఊడిపోయాయి. రెండూ ఒకే ఎత్తు, ఒకేలాంటి మచ్చలు. ఏది ఎవరిదో నాకు తెలియలేదు. రెండు కుటుంబాలకూ ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన, "ఏదైనా ఒకటేలే అన్నా" అన్నాడు. ఇంకొకామె ఒప్పుకోలేదు. ఆమెకు డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఆమె చేసింది సరైన పనే. గుర్తు కోసమే కదా నాకు కూలి ఇస్తున్నది. అప్పటి నుంచి చెవిపోగుతో పాటు ప్రతి పిల్ల ముఖాన్నీ రెండు పక్కలా ఫొటో తీస్తున్నాను. ఈ విషయంలో జోడిపే సులువు, మచ్చలు చూసి చాలావరకు పోల్చుకోవచ్చు. నల్లవన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి చెవిపోగు పోతే ఇంకా కష్టం. అందుకే వాటికి రెండు చెవులకూ గుర్తు పెడుతున్నాను.

నల్లది అని చెప్పి కలగలుపు పిల్లను అమ్మేవాళ్లూ ఉన్నారు. కాళ్లు పొడవుగా ఉండి, ఒంటి మీద ఉన్ని పలచగా ఉంటే అనుమానించండి. తల్లినీ విత్తు పొట్టేలునూ చూపించమని అడగండి. చూపించలేకపోతే జాతి పేరు మీద ఎక్కువ ధర ఇవ్వొద్దు.

నా సలహా ఇది. పెళ్లికి ఇరవై ముప్పై కిలోల మాంసం కావాలంటే రెండు జోడిపి పొట్టేళ్లు తీసుకోండి. నాలుగు కుటుంబాలు కలిసి ఒకదాన్ని కోయించి పోగులు వేసుకునేటట్టయితే, మేలైన మేత మేసిన జీవం చాలు, బరువు ముఖ్యం కాదు అనుకుంటే నల్లదే తీసుకోండి. మీరు అడిగితేనే ఆ గొర్రె ఈ మెట్టల్లో మిగులుతుంది. నాకైతే ఈ మాట వ్యాపారం కోసం కాదు, జోడిపి మీదే నాకు ఎక్కువ మిగులుతుంది.

ఈ ఈతలో నా దగ్గర అసలు నల్ల పిల్లలు పదకొండే పుట్టాయి. ఆడపిల్లలు ఆరింటినీ అమ్మను, మందకు ఉంచుకుంటున్నాను. ఐదు పొట్టేలు పిల్లలకూ మనుషులు కుదిరారు. ఇంకా అడిగేవాళ్లను వచ్చే ఈత దాకా ఆగమంటున్నాను. గొర్రె చూలు కట్టిన ఐదు నెలలకు గానీ ఈనదు.