సరిహద్దు అడవికి ఏ పద్ధతి మేలు?

రెండు మూడు దేశాలు పంచుకునే ఉష్ణమండల అడవుల గురించి ఎప్పుడు రాసినా పాఠకులు అడిగేది ఒకటే. అమెజాన్ దేశాల్లా ఒడంబడిక రాసుకోవడం మేలా, బోర్నియోలా ఉమ్మడి ప్రకటన చాలా, మధ్య ఆఫ్రికాలోని సంఘా నది అడవుల్లా పార్కులను కలిపి కాపలా కాయాలా? నా గీటురాయి చిన్నది. వేటగాడు సరిహద్దు దాటాక గార్డు కూడా దాటగలడా? దాటినవాడికి వచ్చే నెల జీతం అందుతుందా?

కాగితం మీద అమెజాన్‌దే పైచేయి. 1978లో ఎనిమిది దేశాలు సంతకం చేశాయి, బ్రసీలియాలో కార్యాలయమూ ఉంది. కానీ ఏ నిర్ణయానికైనా ఎనిమిది దేశాలూ తలూపాలి. 2023 ఆగస్టులో బ్రెజిల్‌లోని బెలెంలో దేశాధినేతలే కూర్చున్నా, 2030కల్లా నరికివేత ఆపాలన్న ఉమ్మడి గడువు మీద మాట కుదరలేదు. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లు దాటిన నరికివేత 2012 నాటికి నాలుగున్నర వేలకు దిగిన మాట నిజమే. అయితే అది ఉపగ్రహ నిఘా, జరిమానాలు, రైతు రుణాల మీద ఆంక్షలు వంటి బ్రెజిల్ సొంత చర్యల వల్ల వచ్చింది. ఒడంబడిక లేకపోయినా వచ్చేదే.

బోర్నియోది ఇంకో దారి. మలేషియా సరిహద్దు వెంబడి భారీ ఆయిల్‌పామ్ తోటలు వేయాలని 2005లో ఇండోనేషియా తలపెట్టడంతో గగ్గోలు పుట్టింది. 2007లో ఆ రెండు దేశాలు, బ్రూనై కలిసి దీవి నడిమధ్య సుమారు 2.2 లక్షల చదరపు కిలోమీటర్లను కాపాడుకుంటామని ప్రకటించాయి. చట్టపరమైన కట్టుబాటు లేదు. ఎవరి వాటా వారి ఇష్టం. కాకినాడ రేవులో దిగే పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాలదే కనుక మన బూరెల మూకుడుకు ఇందులో బొత్తిగా సంబంధం లేదనలేం.

నా మొగ్గు సంఘా వైపే. కామెరూన్‌లోని లొబెకె, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోని జాంగా-న్డోకి, కాంగో రిపబ్లిక్‌లోని నువాబలె-న్డోకి పార్కులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. 2000లో కుదిరిన ఒప్పందంతో మూడు దేశాల గార్డులు కలిసి గస్తీ తిరుగుతున్నారు. 2007లో ఒక శాశ్వత నిధి ఏర్పడింది. జర్మనీ వంటి దాతలు ఇచ్చిన మూలధనాన్ని కదపకుండా, దాని మీద వచ్చే రాబడితో ఖర్చులకు ఆసరా ఇస్తారు.

ఆ నిధి విలువ 2013లో తెలిసింది. మార్చిలో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బాంగీలో తిరుగుబాటుదారులు ప్రభుత్వాన్ని కూల్చారు. మేలో తుపాకులతో వచ్చిన ముఠా, ఏనుగులు ఉప్పుమట్టి కోసం చేరే జాంగా బాయి మైదానంలో 26 ఏనుగులను చంపింది. పద్ధతి విఫలమైందనే అన్నారు చాలామంది. ఆ రోజు విఫలమైంది, కాదనను. కానీ నిధి కూలిన ఖజానాలో లేదు కనుక దానితోపాటు మునగలేదు. ఆ మైదానానికి ఏనుగులు నేటికీ వస్తున్నాయి.

నన్ను ఇబ్బంది పెట్టేది వేరే సంగతి. తరతరాలుగా ఆ అడవిలో వేటాడి బతికిన బాకా ప్రజలను గార్డులు కొట్టారని లొబెకె వైపు నుంచి ఆరోపణలు వచ్చాయి. సరిహద్దు దాటే అధికారం ఇచ్చినప్పుడు, ఆ గార్డు మీద ఫిర్యాదు ఏ దేశంలో చేయాలో కూడా రాసిపెట్టాలి.

యొకోహామాలోని అంతర్జాతీయ ఉష్ణమండల కలప సంస్థ ప్రధానంగా వ్యాపార వేదిక. అడవి నరికి పండించిన సరుకును తన మార్కెట్‌లోకి రానివ్వకూడదని ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం అమలు వాయిదాల్లో నలిగింది. రెండూ ఉంటే మంచిదే, కానీ గార్డును సరిహద్దు దాటించేవి కావు.

సంఘా పార్కులు మూడూ కలిపి ఏడున్నర వేల చదరపు కిలోమీటర్లే, అమెజాన్‌తో పోలికేమిటని అడగవచ్చు. మొత్తం అమెజాన్‌కు ఈ పద్ధతి పెట్టమని నేననను. బ్రెజిల్, కొలంబియా, పెరూ కలిసే తబటింగా, లెటీసియా మూలన మొదలుపెడితే చాలు. అక్కడ వీధి దాటితే దేశం మారిపోతుంది.