కోడీతో కొన్నేళ్లు: టీవీలో బొమ్మ ఎందుకు చెడుతుంది, ఎక్కడ వెతకాలి

టీవీ వెనక ఒక చిన్న కంప్యూటర్, అందులో కోడీ నడపడానికే తయారైన లిబ్రెఎలెక్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద వీడియోలు, పాటలు నడిపే కోడీ. కొన్నేళ్లుగా మా ఇంట్లో సినిమాలు, పాటలు, కుటుంబ వీడియోలు అన్నీ దీని మీదే చూస్తున్నాం. 2002లో ఎక్స్‌బాక్స్ కోసం మొదలై, చాలాకాలం ఎక్స్‌బీఎంసీగా ఉండి, 2014లో కోడీగా పేరు మార్చుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. తెర అలంకారాల గురించి, యాడాన్ల (అదనంగా చేర్చుకునే సౌకర్యాల) గురించి చాలామంది రాస్తారు. నాకు దీని మీద గౌరవం కలగడానికి కారణం వేరు. బొమ్మ చెడినప్పుడు లోపం ఎక్కడుందో తేల్చుకునే అవకాశం ఇందులో ఉంది.

వీడియో నడుస్తుండగా కీబోర్డు మీద ‘ఓ’ నొక్కితే ఒక సమాచార పట్టిక వస్తుంది. ఫైలు ఏ కోడెక్‌లో (వీడియోను కుదించే పద్ధతిలో) ఉంది, సెకనుకు ఎన్ని ఫ్రేములు, డీకోడింగ్ (కుదించినదాన్ని తిరిగి బొమ్మగా విప్పడం) హార్డ్‌వేర్‌లో జరుగుతోందా సాఫ్ట్‌వేర్‌లోనా అన్నీ అందులో ఉంటాయి. బొమ్మ ఆగి ఆగి నడిస్తే ముందు చూడవలసింది ఇదే. డీకోడర్ పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ (హార్డ్‌వేర్) కాకుండా ఎస్‌డబ్ల్యూ (సాఫ్ట్‌వేర్) అని ఉంటే ప్రాసెసర్ ఒంటరిగా మోస్తోందని అర్థం. ఇంటెల్‌లో 10 బిట్ హెచ్‌ఈవీసీ కోడెక్ పూర్తిగా హార్డ్‌వేర్‌లో నడవాలంటే ఏడో తరం ప్రాసెసర్ ఉండాలి. ఏవీ1 కోడెక్ అయితే పదకొండో తరం నుంచే.

హెచ్‌డబ్ల్యూ అనే ఉండి, ఒక్క ఫ్రేము కూడా జారకపోయినా, కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే దృశ్యాల్లో బొమ్మ చిన్నగా కుదుపుతుంది చూడండి, దాని సంగతి వేరు. సినిమాలు ఎక్కువగా సెకనుకు 23.976 ఫ్రేములతో ఉంటాయి. టీవీ తెర 60 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ వేస్తూ ఉంటే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపవలసి వస్తుంది. ఆ హెచ్చుతగ్గులే కుదుపుగా కనిపిస్తాయి. ఎంత ఖరీదైన కంప్యూటర్ పెట్టినా ఇది పోదు. సెట్టింగుల్లో ప్లేయర్, వీడియోలు విభాగంలో తెర రిఫ్రెష్ రేటును వీడియోకు తగినట్టు మార్చే అంశం ఉంది. మామూలుగా అది ఆపి ఉంటుంది. వీడియో మొదలైనప్పుడు, ఆగినప్పుడు మారేలా పెట్టుకోండి. సెట్టింగుల స్థాయిని ఎక్స్‌పర్ట్‌కు మార్చి, డిస్‌ప్లే విభాగంలోని వైట్‌లిస్టులో (అనుమతించిన రేట్ల జాబితాలో) మీ టీవీ నిజంగా చూపగల రేట్లను ఎంచుకోండి. 23.976, 24 రెండూ కనిపిస్తే రెండూ పెట్టాలి. ఒకదాని చోట మరొకటి వాడితే దాదాపు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేము తప్పడమో రెండోసారి రావడమో జరుగుతుంది.

రేటు మారేటప్పుడు టీవీ ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది, ఆ లోగా మొదటి సంభాషణ పోతుంది. దానికీ డిస్‌ప్లే విభాగంలో ఆలస్యం పెట్టే వీలుంది. ఇంత చిన్న ఇబ్బందిని కూడా ఎవరో ఆలోచించి తీర్చారంటే నాకు నిజంగా సంతోషం.

ఇక అందరినీ కంగారు పెట్టేది నల్ల తెర. కంప్యూటర్ లైటు వెలుగుతుంది, టీవీ మాత్రం సిగ్నల్ లేదంటుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు టీవీని దాని సామర్థ్యాల గురించి అడుగుతుంది. ఆ జవాబునే ఈడీఐడీ అంటారు. టీవీ ఆపి ఉన్నా, వేరే ఇన్‌పుట్‌లో ఉన్నా, మధ్యలో యాంప్లిఫయర్ నిద్రపోతున్నా జవాబు అందకపోవచ్చు. టీవీ ముందు, కంప్యూటర్ తర్వాత వేస్తే బొమ్మ వస్తోందంటే కారణం తెలిసిపోయినట్టే. అంతా సవ్యంగా ఉన్నప్పుడు లిబ్రెఎలెక్‌లో గెట్‌ఈడీఐడీ ఆదేశంతో ఆ జవాబును భద్రపరచవచ్చు. అది చేశాక మా ఇంట్లో ఏది ముందు వేయాలన్న చర్చే లేదు.

4కెలో ఉండి ఉండి తెర ఒక్క క్షణం ఆరిపోతే నా అనుమానం కేబుల్ మీదే. 4కె 60 హెర్ట్జ్‌కు హెచ్‌డీఎంఐ 2.0 కావాలి, అంటే సెకనుకు 18 గిగాబిట్ల వరకు మోయగల తీగ. హెచ్‌డీఎంఐ 1.4 పరిమితి 10.2 గిగాబిట్లే. రేటును 30 హెర్ట్జ్‌కు దించి చూడండి. ఆరిపోవడం ఆగితే కేబులో పోర్టో ఆ భారం మోయలేకపోతోందని దాదాపు నమ్మవచ్చు. కొన్ని టీవీల్లో ప్రతి పోర్టుకూ విడిగా అధిక వేగాన్ని అనుమతించే అమరిక ఉంటుంది, అదీ చూడాలి.

నలుపు బూడిద రంగులో పాలిపోయినా, చీకటి దృశ్యాల్లో ముఖాలు పూర్తిగా మునిగిపోయినా అది 16-235, 0-255 అనే పరిధుల తేడా, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఏ అంకెలతో పంపుతారన్నది. కంప్యూటర్ ఒకటి పంపి టీవీ మరొకటి అనుకుంటోంది. రెండు చోట్లా ఒకే పరిధి పెడితే చాలు. టీవీలో ప్రకాశం, కాంట్రాస్టు సవరించి దీన్ని కప్పిపుచ్చే ప్రయత్నం దయచేసి చేయకండి, పోయిన వివరాలు వాటితో తిరిగి రావు.

అంచులు తెగిపోతే టీవీలోనే బొమ్మను సాగదీయకుండా ఉన్నదున్నట్టు చూపే జస్ట్ స్కాన్ వంటి అమరిక వెతకండి. కోడీ కాలిబ్రేషన్‌తో సర్దితే బొమ్మ పరిమాణం మారి పదును తగ్గుతుంది.

నాకు ఇప్పటికీ పూర్తిగా తృప్తి ఇవ్వనిది హెచ్‌డీఆర్, అంటే వెలుగు నీడల పరిధి ఎక్కువగా ఉండే వీడియో. నా టీవీకి ఆ సామర్థ్యం లేదు. అలాంటి ఫైలు వేస్తే టోన్ మ్యాపింగ్ (ఆ పరిధిని మామూలు తెరకు తగ్గట్టు కుదించడం) చేసినా కొన్ని దృశ్యాల్లో రంగులు వెలిసినట్టే కనిపిస్తాయి. పద్ధతి మార్చి చూశాను, కొంత మెరుగు, అంతే. అందుకే 4కె హెచ్‌డీఆర్ ప్రతి ఉన్నా, అదే సినిమా 1080పీ మామూలు ప్రతి దొరికితే దాన్నే పెడుతున్నాను.