మా తోటల క్లబ్బు వేసవి తరగతులు: కంపోస్టు నేర్చుకున్నాను

ఇంటి దగ్గర మొక్కలు పెంచుకునేవారి కోసం మా క్లబ్బు ఈ వేసవిలో ఎనిమిది వారాల పాటు నిర్వహించిన తరగతులకు నేను ఒక్క వారం కూడా మానకుండా వెళ్లాను. నీటి పొదుపు, నీడ ఏర్పాటు, విత్తనాల సేకరణ, పిల్లలతో తోటపని వంటి అంశాలు చాలానే ఉన్నా, ఈ సమీక్షలో ఎక్కువ భాగం కంపోస్టు తరగతుల గురించే రాస్తున్నాను, ఎందుకంటే నాకు నిజంగా పనికొచ్చినవి అవే.

అంతకుముందు రెండుసార్లు ఇంట్లో ప్రయత్నించాను. మొదటిసారి డబ్బా అంతా కుళ్లు వాసనతో నిండిపోయింది; రెండోసారి భయపడి ఎండుటాకులే ఎక్కువ వేయడంతో నెలలు గడిచినా ఆకులు ఆకుల్లాగే మిగిలాయి. ఈ రెండింటికీ కారణం మొదటి తరగతిలోనే తెలిసింది. చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కన్నా కర్బనం సుమారు 25 నుంచి 30 రెట్లు ఉండాలనీ, ఇంట్లో ఆ లెక్క చూసుకోవాలంటే నత్రజని ఎక్కువుండే కూరగాయల తొక్కలు ఒక గిన్నెడుకు, కర్బనం ఎక్కువుండే ఎండుటాకులు రెండు మూడు గిన్నెలు కలిపితే చాలుననీ శిక్షకురాలు వివరించారు. ఆ తర్వాత మా అందరి చేతా కంపోస్టును పిడికిట పట్టించి గట్టిగా పిండమన్నారు. ఒకటి రెండు చుక్కలు రాలితే తడి సరిపోయినట్టు, ధారగా కారితే ఎక్కువైనట్టు, విప్పగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువైనట్టు. ఈ పరీక్షను మాటల్లో చదవడం వేరు, చేత్తో తెలుసుకోవడం వేరు.

వేసవిలో డబ్బా ఎండలో ఉంటే లోపలి తడి ఆరిపోయి కుళ్లడం ఆగిపోతుందనీ, దాన్ని నీడలోకి జరిపి, పైన తడి గోనెపట్టా కప్పాలనీ చెప్పారు. ముక్కును ఘాటుగా తాకే అమ్మోనియా వాసన వస్తే పచ్చి చెత్త ఎక్కువైందనీ, కుళ్లు కంపు వస్తే గాలి అందడం లేదనీ గుర్తించడం నేర్పారు. నాకు అన్నిటికన్నా నచ్చింది వారి నిజాయితీ. దాదాపు ఘనమీటరు పరిమాణమున్న కుప్ప నడుమ 55 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి పుట్టి కలుపు విత్తనాలు చాలా వరకు చచ్చిపోతాయి గానీ ఇంట్లోని చిన్న డబ్బాలో అంత వేడి సాధారణంగా రాదు కాబట్టి, గింజ కట్టిన కలుపునూ తెగులు సోకిన మొక్కలనూ అందులో వేయవద్దని స్పష్టంగా చెప్పారు.

మిగతా తరగతుల్లో మొక్కల మొదళ్ల చుట్టూ ఆకులు కప్పే తరగతి బాగుంది. అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందాన, కాండానికి తగలకుండా కప్పిన తర్వాత మా కుండీల్లో తడి ఎక్కువసేపు నిలిచింది. విత్తనాల తరగతి మాత్రం ఉపన్యాసంతోనే ముగిసింది. పిల్లలు వానపాములను చూసి ఎంతో సంబరపడ్డారు, కానీ వారికి ఇచ్చిన అరగంట ఏ మూలకూ చాలలేదు.

ఒక లోపాన్ని మాత్రం గట్టిగానే చెప్పాలి. కంపోస్టును జల్లెడ పట్టే తరగతిని ఆరో వారంలోనే పెట్టారు. అప్పటికి మాలో చాలామంది డబ్బాల్లో అది సగమే తయారైంది. సగం కుళ్లిన పదార్థాన్ని కుండీలో కలిపితే, మిగిలిన కర్బనాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని వాడుకుంటాయి, మొక్క ఆకులు పసుపుబారతాయి. అడిగితే శిక్షకురాలు ఈ సంగతి వివరించారు, అయితే అప్పటికే కలిపేసినవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

ఈ కార్యక్రమంలో అసలు విలువైన ఏర్పాటు మరొకటుంది. ప్రతి వారం ఎవరి డబ్బాలోంచి వారు గుప్పెడు తెచ్చి చూపించుకోవచ్చు. మూడో వారం నేను తీసుకెళ్లినప్పుడు, తొక్కలు ఉండలు కట్టాయనీ, చిన్న ముక్కలుగా కోసి వేస్తూ, వారానికోసారి తిరగవేయాలనీ సూచించారు. అలాగే చేశాను. మూడు నెలలు దాటిన తర్వాత డబ్బా తెరిస్తే ఏది తొక్కో ఏది ఆకో గుర్తుపట్టలేనంతగా నల్లబడి, తొలకరి మట్టి వాసన వచ్చింది. దాన్ని మూడు పాళ్ల మట్టిలో ఒక పాలు కలిపి కుండీలు నింపాను. జల్లెడ తరగతిని వచ్చే ఏడాది ఈ దశ వరకు ఆగి పెట్టాలని నిర్వాహకులకు లేఖ రాశాను. నా డబ్బాలోంచి తీసిన గుప్పెడు కంపోస్టును కూడా దానితో పాటే పంపాను.